దోహా పరిసరాలు ఎంతదాకా?

చమురు డబ్బు పొంగుతున్న డెబ్బయ్యో దశకం చివర, దోహాలోని ఒక నిర్మాణ కంపెనీలో నన్ను కాంట్రాక్ట్స్ అసిస్టెంట్‌గా వేశారు. హోదాలో నా కింద ఫైళ్లు తప్ప ఎవరూ లేరు. ఒప్పందంలోని మాటకు అర్థమేమిటని గొడవ వస్తే, రెండు వైపులా విని, చట్టం చూసి, మేనేజరుకు నోట్ రాయడం నా పని. గొడవ రాని మాట నాకింకా తారసపడలేదు.

మొదటి కేసు జగిత్యాల వైపు మేస్త్రీ రాజన్నది. అతన్ని దోహాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన, ఖతర్ ఉత్తర కొసన ఉన్న అల్ రువైస్ రేవు పనికి మార్చి, అక్కడి క్యాంపులోనే ఉండమన్నారు. ఉండనన్నాడు. అతని తమ్ముడు వేరే కంపెనీలో పరంజా మీంచి పడి, కాలు విరిగి దోహా ఆసుపత్రిలో ఉన్నాడు. డ్యూటీ దిగాక అన్నం, పచ్చిపులుసు డబ్బాలో పట్టుకెళ్లి తినిపించేది రాజన్నే. పనికి నిరాకరిస్తే ఒప్పందం రద్దు, ఇంటికి విమానం.

ఒప్పందంలో పనిస్థలం ‘దోహా, పరిసరాలు’ అని ఉంది. ఆ పరిసరాలు ఎక్కడ ఆగుతాయో రాసినవాడు రాయలేదు. తేడా వస్తే అరబ్బీ ప్రతిదే చెల్లుబాటు కనుక దాన్ని చదివించాను. అదీ అంతే చెప్పింది, కాకపోతే కుడి నుంచి ఎడమకు.

మాటలో తేలకపోతే, చట్టం ప్రకారం సంతకం నాడు ఇరుపక్షాల ఉమ్మడి ఉద్దేశం ఏమిటో వెతకాలి. రాజన్ననూ, అతనితో వచ్చిన ఇద్దరినీ పిలిచి, ఏజెంటు పని ఎక్కడని చెప్పాడో అడిగాను.

“దుబాయ్ల సార్,” అన్నారు ముగ్గురూ.

“ఇది ఖతర్ కదయ్యా?”

“అవ్ సార్. దుబాయ్ల ఖతర్,” అన్నాడు రాజన్న, నా మీద జాలిపడుతూ. వాళ్ల ఊళ్లో గల్ఫంతా దుబాయే.

ఉద్దేశమే కొలత అయితే క్యాంపు మొత్తాన్ని ఓడెక్కించి దుబాయ్‌లో దించి రావాలి. ఆ పేరా రాసి కొట్టేశాను.

మేనేజరు ఇస్మాయిల్ సాబ్‌ది హైదరాబాద్. ఆయన బల్ల గుద్దారు. “ఏం మియా, రువైస్ ఏమన్న సముద్రం అవతల ఉన్నదా? పోయిన ఏడాదంత దాని పక్కనే, మదీనత్ అల్ షమాల్‌ల బడి కట్టినం. వీళ్లనే పొద్దుగాల బస్సుల తీస్కపోయినం, పొద్దుగూకంగ మగ్రిబ్ నమాజు కల్లా దోహా క్యాంపుల దింపినం. ఒక్కడన్న దూరమన్నడా?”

గుద్దుడికి ఆయన చాయ్ ఒలికింది. నాకు మాత్రం దారి దొరికింది.

గొడవ లేని రోజుల్లో ఇరుపక్షాలూ ఒప్పందాన్ని ఎలా నడిపాయో, అదే దాని అర్థానికి సాక్ష్యం. కాబట్టి రువైస్ కూడా పరిసరాలే; అక్కడ రాజన్న ఓడాడు. పడక మాత్రం, పోయిన ఏడాది లాగే, దోహాలోనే. అక్కడ మేనేజరు ఓడారు. ఇంకా సందేహం మిగిలితే అది కాగితం రాసిన కంపెనీకి వ్యతిరేకంగా పోతుందని చివర చేర్చాను.

“నా మాటతోటే నన్ను కొట్టినవ్ గద మియా,” అంటూ ఇస్మాయిల్ సాబ్ సంతకం పెట్టి, రువైస్‌కు రోజూ బస్సు వేయించారు.

నోట్ చదివి వినిపిస్తే రాజన్న తల గోక్కున్నాడు. “గిట్లయితే నేను గెల్సిన్నా సార్, ఓడిన్నా?”

నాకూ స్పష్టంగా తెలియదు. “బస్సెక్కు,” అన్నాను. ఆ సాయంత్రం డ్రైవరు అతన్ని డబ్బాతో సహా ఆసుపత్రి గేటు దగ్గర దింపాడు.

తర్వాత ఉద్యోగమంతా నేను పాటించింది ఒకటే. మాటకు అర్థం తేలనప్పుడు నిఘంటువు తెరిచే ముందు, గొడవకు ముందు బస్సు ఎక్కడికి వెళ్లి ఎక్కడికి తిరిగొచ్చేదో అడగాలి.