‘నేను చెప్పాను గనక’ చెల్లని ఇల్లు

అది 1998. సాలూరు నుంచి పాచిపెంట దాటి ఘాట్ ఎక్కితే వచ్చే ఒక కొండ ఊళ్లో ఉండేవాళ్లం. మా వారు అక్కడ కాఫీ మొక్కల నర్సరీ చూసేవారు. నేను బీఈడీ చేసి కూడా ఏ బళ్లోనూ చేరలేదు. మా వంటింటి అరుగే నా బడి. నా క్లాసులో ఒక్కతే స్టూడెంటు, ఐదో ఏట చేరిన మా అమ్మాయి రేవతి. పిల్లల్ని బడికి పంపకుండా తల్లిదండ్రులే ఇంట్లో చదివించడాన్ని ఇప్పుడు హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. అప్పట్లో మా అత్తగారు పిచ్చి అనేవారు. నేను రెండు మాటలూ పట్టించుకోలేదు.

ఎందుకు పంపలేదంటారా? మా ఊరి బడి రెండో తరగతితో సరి. ఆపైన చదవాలంటే సాలూరు హాస్టల్లో పెట్టాలి. చిన్నపిల్లని అక్కడ వదిలేసి, నెలకోసారి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకెళ్లి చూసిరావడం నా వల్ల కాదు. పైగా నాకు బట్టీ చదువంటే ఒళ్లు మంట. బీఈడీలో మాకు లెసన్ ప్లాన్ రాయడం నేర్పారు. ఏ పాఠం ఎప్పుడు, ఎలా చెప్పాలో ముందే రాసుకోవడం అన్నమాట. మొదటి నెల శ్రద్ధగా రాశాను, రెండో నెల ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాను. చోళ్లు, అదే రాగులు, కొలుస్తూ భిన్నాలు చెప్పాను. చింతపండు గింజలు తీస్తూ ఎక్కాలు చెప్పాను. సైన్సు వాళ్ల నాన్న నర్సరీలోనే చెప్పేవారు. జీపులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరుని పిల్ల గడగడా చదివేసేది. గొప్పలకి చెప్పడం లేదు, నిజంగానే బాగా చెప్పాను.

మా బడికి ఒక్కటే రూలు. సాయంత్రం అన్నాల దగ్గర ఎవరికేం కావాలన్నా అర్జీ పెట్టుకోవచ్చు, నోటితోనే. కారణం మాత్రం చెప్పాలి. కాదనేవాళ్లూ కారణమే చెప్పాలి. ఎదుటివాళ్ల దగ్గర జవాబు లేకపోతే అర్జీ పాస్. "నేను చెప్పాను గనక" అనేది కారణం కింద చెల్లదు. ఈ రూలు పెట్టింది నేనే. సంతరోజు లెక్కలు వద్దని రేవతి పెట్టిన అర్జీ ఇలాగే నెగ్గింది. సంతలో చేసేవీ లెక్కలే కదా అంది. సిగరెట్లు మానాలని నేను పెట్టిన అర్జీకి మా వారి దగ్గర జవాబే లేకపోయింది, పాపం.

రేవతికి పదో ఏడు వచ్చిన ఆ వేసవిలో, పక్కింటి పోలమ్మ కూతురు గౌరి సెలవులకి వచ్చింది. గౌరి సాలూరులో సిస్టర్లు నడిపే బళ్లో, హాస్టల్లో ఉండి చదివేది. సెలవులన్నాళ్లూ ఇద్దరికీ ఒకటే కబుర్లు.

"ఏటమ్మా, గుంటని ఎన్నాళ్లిలా కొంగుకి కట్టేసుకుంతావు? దానికీ సావాసాలొద్దేటి?" అంది పోలమ్మ ఒకరోజు.

"నా కొంగు గట్టిదిలే పోలమ్మా" అన్నాను.

బడులు తెరిచే ముందు ఒక సాయంత్రం రేవతి కంచం ముందు కూర్చుని, "నాదో అర్జీ. గౌరితో పాటు నేనూ హాస్టల్‌కి ఎళ్తాను" అంది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. అయినా టీచరు గొంతు తెచ్చుకుని "కారణం?" అన్నాను.

"మన బళ్లో ఫస్టూ నేనే, లాస్టూ నేనే. అదేటి ర్యాంకమ్మా?"

మా వారు నవ్వారు. నేను నవ్వలేదు.

"అక్కడ బట్టీ పట్టిస్తారు."

"అర్థం చేసుకున్నాకే పడతాను. నువ్వే కదా నేర్పావు."

"తిండి బాగోదు. చన్నీళ్ల స్నానం."

"గౌరి తింతంది కదా. నేనేటి, దానికన్నా గొప్పా?"

ఇక్కడిదాకా నాకేం భయం లేదు. అప్పుడు రేవతి కంచం పక్కకి జరిపింది.

"అమ్మా, నేను సగం చెప్పేసరికే నీకు మొత్తం అర్థమైపోద్ది. తప్పు చేస్తే ఎందుకు చేశానో నాకన్నా ముందు నీకే తెలుస్తాది. నన్నెరగనోళ్లకి నా మాట అర్థమయ్యేలా చెప్పగలనో లేదో, ఇక్కడుంటే నాకెలా తెలుస్తాది?"

జవాబు కోసం బీఈడీలో చదివిందంతా మనసులో తిరగేశాను. దొరకలేదు. పిల్ల లేని ఇల్లు కళ్లముందు కనబడింది.

"వద్దు. నేను చెప్పాను గనక!" అనేశాను.

మా వారు మెల్లగా, "అది మనింట్లో చెల్లదు కదోయ్" అన్నారు.

అర్జీ పాసైంది. జూన్‌లో ట్రంకుపెట్టెతో సహా దింపి వచ్చాను. తిరుగు జీపులో ఘాట్ పొడుగునా ఏడ్చాను. డ్రైవరు పాటలు ఆపేశాడు.

వానలు ముదిరాక కబురొచ్చింది, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ రమ్మంటున్నారని. ఇంటి చదువు చదివిన పిల్ల బళ్లో ఇమడలేదంటారేమో, తీసుకుపొమ్మంటారేమో అని దారంతా అనుకుంటూనే వెళ్లాను. తిరిగొస్తే నాకు సంతోషమే. కానీ నా పిల్ల ఓడిపోయి రాకూడదు.

"మీ అమ్మాయి ఎదురు చెబుతోందమ్మా" అన్నారు సిస్టర్, నేను కూర్చోగానే. అన్నం తినేటప్పుడు మాట్లాడకూడదని ఆ హాస్టల్లో రూలు. రేవతి లేచి నిలబడి, ఆ రూలు తీసెయ్యమని అడిగిందట.

"కారణం చెప్పిందా సిస్టర్?"

"చెప్పింది. చిన్న క్లాసుల పిల్లలకి అన్నం దగ్గరే అమ్మ గుర్తొస్తుందట. పక్కన పెద్దపిల్లలు కబుర్లు చెబితే ఏడవకుండా తింటారట."

"మరి మీరేమన్నారు?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చెప్పాను గనక కుదరదు, అన్నాను."

నాకు నవ్వు ఆగలేదు. పెద్దావిడ ముందు తప్పని తెలిసినా ఆగలేదు. "నేనూ అదే అన్నాను సిస్టర్. అందుకే అది ఇక్కడుంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి తనూ నవ్వేశారు. "అది కారణం కాదంది మీ పిల్ల. వారం నుంచి మాట్లాడుకోనిస్తున్నాను. నా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇలాంటివి ఇంకెన్ని నేర్పి పంపారో ముందే చెబుతారని పిలిపించాను."

ఆ ఐదేళ్లూ పిల్లని ఇంట్లో ఉంచి చదివించడం మంచిపనేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కొత్తగా తెలిసింది ఒకటే. ఇంట్లో ఉంచుకోవడానికి నాకెంత ధైర్యం కావలసి వచ్చిందో, అది కారణం చెప్పి వెళ్తానన్నప్పుడు పంపడానికీ అంతే కావలసి వచ్చింది.

భోజనాల గంట కొట్టారు. వరండాలోంచి భోజనాల గది కిటికీలోకి చూశాను. రేవతి ఒక చిన్నపిల్ల పక్కన కూర్చుని, చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతోంది. ఆ పిల్ల కళ్లప్పగించి వింటూ ముద్దలు మింగుతోంది. పిలవాలని ప్రాణం కొట్టుకుంది. పిలవలేదు. కథ మధ్యలో ఆగిపోతే ఆ పిల్ల అన్నం మానేస్తుంది.