తోముడుపిల్ల కట్టిన మెదడు నాళం

మా తమ్ముడి కూతురిని ఇంట్లో అందరం తోముడుపిల్ల అంటాం. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. ఉద్యోగం కోసం మా ఇంటికి వచ్చినప్పటినుంచీ గిన్నెలకు నిద్ర లేదు, నాకు శాంతి లేదు. నేను పల్లెబడి చదువుతోనే రెండు పట్టణాలకు మంచినీళ్ల గొట్టాలు వేయించి, మెచ్చుకోలు పత్రం అందుకున్నవాణ్ణి. ఈ పిల్ల ఆ పత్రం అద్దాన్ని తుడిచి తుడిచి చట్రం వదులు చేసింది.

ఆమె పని ప్రయోగశాలలో. ఎలుక మెదడులోంచి సన్నటి రక్తనాళం తీసి, రెండు కొసలూ సన్నటి గాజు గొట్టాల మొనలకు కట్టి, మందు చుక్క వేస్తే అది వెడల్పవ్వాలి. ఎవరు కట్టినా అవుతోంది, ఈమె కడితే కావటం లేదు. శుక్రవారం తన ముందు నాళం తెరుచుకోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నదట ప్రయోగశాల నడిపే మేడమ్.

"గొట్టానికేం తెలుస్తుందే? ఒత్తిడి చూసుకో," అన్నాను. గొట్టాల సంగతి నాకొకరు చెప్పాలా?

"ఇది మీ ఇనప గొట్టం కాదు పెదనాన్నా. లోపల ఒక్క వరస కణాల పూత ఉంటుంది. మెదడులో ఏ మూల పని పెరిగితే ఆ మూల కబురు అదే అందుకుంటుంది. కణం పక్క కణానికి చెప్పుకుంటూ పై నాళం దాకా చేరవేస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్న కండరం సడలి, రక్తం ఎక్కువ వస్తుంది. మేం వేసే మందు కబురూ ఆ పూతకే."

"మరి నీ దానికి నోరు పడిపోయిందా?"

ఏడ్చినంత పని చేసింది.

గురువారం పొద్దున నా గుడ్డు పెనానికి అతుక్కుపోయింది. కొత్త పెనం. చూస్తే నల్లపూత లేదు, తెల్లటి లోహం మెరుస్తోంది.

"దీన్ని దేంతో తోమావు?"

"స్టీలు పీచుతో. జిడ్డుగా ఉందని."

"జిడ్డు కాదే తల్లీ, పూత. అది పోయాక పెనం ఉండి ఏం లాభం?"

పెనం నా చేతిలోంచి లాక్కుని, పూత పోయినచోట వేలితో రాసి చూసింది.

"లోపలి నెత్తురు కడగడానికి అందరూ నాళంలోకి ఉప్పునీళ్లే మెల్లగా పంపుతారు. నేను నెత్తుటి చార మిగలకూడదని గాలి కూడా ఊదుతున్నాను."

"ఊదితే?"

"బుడగ వెళ్లిందంటే పూత కణాలు ఊడిపోతాయి పెదనాన్నా. కబురందుకునేవాళ్లనే ఊడ్చేస్తున్నాను."

తినకుండానే వెళ్లిపోయింది.

శుక్రవారం గాలి ఊదకుండా, నెత్తుటి చారను చూసి పళ్లు బిగబట్టుకుని కట్టిందట. మందు పడగానే నాళం తెరుచుకుంది. మేడమ్ "సరే, ఇంకోటి కట్టు" అన్నదట. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం నాకు కొత్త పెనం తెచ్చింది. మురిసిపోయి కూర్చున్నానో లేదో వంటింట్లోంచి గరగర. పరుగెత్తాను. పాత పెనాన్ని తోముతోంది.

"దీని పూత ఎలాగూ పోయిందిగా పెదనాన్నా. దీన్నయినా తనివితీరా తోముకోనివ్వండి."