అమావాస్యలోపు కోరంగి

కోరంగి కోట చూద్దామని సరదాపడి వెళ్లినవాళ్లం కాదు మేము. మా అన్నయ్య కోరంగి రేవులో ఓడెక్కి రంగూను వెళ్లి పదమూడేళ్లు దాటింది. అక్కడ ధాన్యం మిల్లులో గుమాస్తా పని దొరికిందని రెండు ఉత్తరాలు రాశాడు. ఆ తరవాత పన్నెండేళ్లుగా ఉత్తరమూ లేదు, మనిషీ లేడు. పన్నెండేళ్లు జాడ తెలియనివాడు పోయినట్టే లెక్క. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయడం మా ఇళ్లలో ఆచారం. ఈ కార్తీక అమావాస్యకి ఆ కర్మ జరిపించాలని పెదనాన్న నిర్ణయించాడు. అది జరిగితే పదో రోజున మా వదిన బొట్టూ గాజులూ తీసేసి తల గొరిగిస్తారు. వదినకి ఇరవై ఎనిమిదేళ్లు.

అమావాస్య ఆరు రోజులుందనగా, అన్నయ్యని తీసుకెళ్లిన ఓడ మీద పనిచేసిన సరంగు ముసలివాడై కోరంగిలోనే ఉంటున్నాడని రాజమండ్రిలో ఒకరు చెప్పారు. నేను పాఠాలు చెప్పే బడికి మూడు రోజులు సెలవు పెట్టాను. వదిన తానూ వస్తానంది. పెదనాన్న కస్సుమన్నాడు.

"తల నాది. దాని సంగతేదో నేనే విని వస్తాను," అంది వదిన తలుపు చాటునుంచి.

ఊళ్లోవాళ్లకి కోటిపల్లిలో కార్తీక స్నానం అని చెబుదామని ఎలాగో ఒప్పించాం. "వెళ్లి రండి. అమావాస్య మాత్రం మీకోసం ఆగదు," అన్నాడు పెదనాన్న.

సోమవారం పొద్దున్న ఏడింటికి కొవ్వూరు రేవులో నావ ఎక్కాం. ముందురోజు నుంచీ ముసురు. ఆకాశమూ గోదావరీ ఒకే రంగులో ఉన్నాయి. రైలు వంతెన స్తంభాలు నది మధ్యలో సగం సగం లేచి నిలబడ్డాయి. "ఇది పూర్తయితే మేం ఏం తినాలండి?" అని నావవాడు నన్ను నిలదీశాడు, వంతెన నేనే కట్టిస్తున్నట్టు.

రాజమండ్రిలో ఒంటెద్దు బండి మాట్లాడుకుని దవళేశ్వరం చేరేసరికి పదిన్నర. కాలువ పడవ పదకొండింటికి. మనిషికి ఆరణాలు, తాటాకు కప్పు కింద చోటు కావాలంటే ఇంకో అణా. ముసురు రోజుల్లో వెళ్లేవారు ఆ అణా దగ్గర పిసినారితనం చూపవద్దు. పడవలో వండుకునే వీలు లేదు. మేము పులిహోర, అటుకులు, మజ్జిగ కుండ పట్టుకెళ్లాం, రెండు పూటలు గడిచాయి.

మొదటి లాకుల్లోకి పడవ వెళ్లగానే వెనక తలుపులు మూశారు. నీళ్లు తీస్తుంటే పడవ రెండు గోడల మధ్య కిందికి కిందికి దిగింది. పాచి పట్టిన రాళ్లు మా తలలకన్నా ఎత్తయ్యాయి. వదిన లాకులు చూడటం అదే మొదలు. "ఇంకా ఎంత కిందికి దింపుతారయ్యా మనల్ని?" అంది.

ఆ తరవాత ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడుతో పడవ లాగారు. రెండు పక్కలా కోతకొచ్చిన వరి వానకి పడుకుని ఉంది. మా పక్కన ఆలమూరులో దిగాల్సిన పెద్దావిడ ఒకామె కూచుంది. దిగేలోపు మా వంశవృక్షమంతా తెలుసుకోకపోతే ఆవిడకి అన్నం సహించేలా లేదు.

"మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని వదినని అడిగింది.

"రంగూనులో ఉద్యోగమండి."

"అబ్బో! మళ్లీ ఎప్పుడొస్తారేంటి?"

"అమావాస్యకి తేలుతుందండి," అంది వదిన నవ్వుతూనే. నేను మొహం కాలువ వైపు తిప్పుకున్నాను.

తెల్లవారుజామున కోటిపల్లిలో పడవ కాసేపు ఆగితే వదిన స్నానం చేసి వచ్చింది. మంగళవారం తొమ్మిదిన్నరకి కోరంగిలో దిగాం.

ఒకప్పుడు ఇక్కడ ఓడలు బారులు తీరి ఉండేవట. ఇప్పుడు రేవు నిండా ఒండ్రు. పోటు వస్తే నీళ్లు, లేకపోతే బురద. బురదలో ఒక ఓడ డొక్క పక్కకి ఒరిగి ఉంది, దానిమీద వలలు ఆరేశారు. కోట ఊరికి అర కోసు దూరం. ఒలందావాళ్లు, అంటే డచ్చి దొరలు, కట్టారని ఒకరు, కాదు ఇంగ్లీషువాళ్లని ఇంకొకరు చెప్పారు. ఎవరు కట్టినా మిగిలింది ఒక వాకిలి, రెండు గోడలు, ఒక బురుజు. మిగతా ఇటుకలన్నీ ఊళ్లోవాళ్లు ఇళ్లకి పట్టుకుపోయారు. లోపల నాలుగైదు దొరల గోరీలున్నాయి. వాటిమీద అక్షరాలు చేత్తో తడిమితే తెలుస్తాయి కానీ చదవడానికి రావు. ఏ తల్లులు కన్న బిడ్డలో, ఇంత దూరం వచ్చి ఈ ఉప్పుగాలిలో పడి ఉన్నారు. నాకు మనసంతా చేదుగా అయిపోయింది.

సరంగు గుడిసె కోట గోడకి ఆనించి వేసుకున్నదే. మనిషి పొడుగరి, నడుం వంగిపోయింది. వాకిట్లో ఆయన భార్య చేపలు ఆరబెడుతోంది. ఎవరి తాలూకో చెప్పగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వదినకి పీట వేసి, కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది. సరంగు నన్ను గోరీల దాకా తీసుకెళ్లాడు.

"ఆయ్, గుర్తేనండి. మీ అన్నగారు బతికే ఉన్నారండి," అన్నాడు. "రెండేళ్ల కిందట ఆఖరిసారి ఎల్లినప్పుడు రంగూను రేవులో సూశానండి. అక్కడ బర్మా ఆవిడతో కాపురమండి. ఇద్దరు పిల్లలు."

మరి మాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"నన్ను పక్కకి పిలిచి, తాను పోయానని మీ ఇంట్లో సెప్పమన్నారండి. ఇంక ఎవరూ ఎదురుసూడకుండా ఉంటారని. బతికున్న మనిషిని సచ్చాడని ఎలా సెప్తామండి బాబూ? నాకు నోరు రాక ఇన్నాళ్లూ కొవ్వూరు రాలేదండి."

అన్నయ్య మా ఇళ్లలో పుట్టి పెరిగినవాడు. మొగుడు పోయిన ఆడదానికి ఏం చేస్తారో చూస్తూ పెరిగినవాడు. మరిచిపోయాడా, గుర్తుండే అన్నాడా? ఎంత ఆలోచించినా తెలియలేదు. ఒళ్లు మండిపోయింది. వాణ్ణి తిడదామంటే ఎదురుగా ఈ ముసలాయన ఉన్నాడు.

తిరిగి వస్తుంటే ఆడవాళ్లిద్దరూ దగ్గరగా కూచుని ఏదో మాట్లాడుకుంటున్నారు. చేపల సంగతో పిల్లల సంగతో అనుకున్నాను. వదినని బురుజు మీదికి తీసుకెళ్లాను. పదిహేడు మెట్లు, మూడు విరిగిపోయాయి, జాగ్రత్తగా ఎక్కాలి. కాలువని చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దవళేశ్వరం నుంచి మోసుకొచ్చిన మంచినీళ్లు కడపటి లాకు దాటి, కోరంగి ఏట్లో, ఉప్పునీళ్లలో కలిసిపోతున్నాయి. అవతల మడచెట్లు, ఆ వెనక సముద్రం ఉన్న జాడగా ఒక తెల్లటి చార.

"ఏం చెప్పాడు?" అంది వదిన.

"ఏమీ తెలియదన్నాడు వదినా."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ పిల్లల మాట నా నోటితో అనలేకపోయాను. ఆ ఒక్క అబద్ధంతో వదిన తల మంగలి కత్తి కిందికి పోతుందన్న ఆలోచన, సిగ్గేస్తోంది రాయడానికి, ఆ క్షణాన రాలేదు. వదిన కాలువకేసి చూసి, "సరేలే," అని మెట్లు దిగింది.

మూడింటికి తిరుగు పడవ. పోయేటప్పుడు నీటివాలున ఉండే సుఖం వచ్చేటప్పుడు ఉండదు, ఒక గంట ఎక్కువే పడుతుంది. వదిన అటుకులు నాకు పెట్టి తాను తినలేదు. బుధవారం మధ్యాహ్నం దవళేశ్వరం కనబడుతుండగా అడిగింది.

"సూర్యం, పెదనాన్నగారికి ఏం చెబుతావు?"

నేను మూట సర్దడం మొదలుపెట్టాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ అనేది. రాత్రంతా ఎలా నానబెట్టావురా?" అంది. "నీకు సరంగు చెబుతుంటే, నాకు ఆయన పెళ్లాం చెప్పింది. పిల్లల్లో పెద్దది ఆడపిల్లట."

తల దించుకున్నాను. ఏమీ తెలియలేదని ఇంట్లో చెబితే ఏమవుతుందో అప్పుడు తట్టింది. "తప్పయిపోయింది వదినా. జరిగిందంతా చెప్పేస్తాను," అన్నాను.

"అంతా చెప్పకు. కులం చెడినవాడు చచ్చినవాడితో సమానం అంటారు. మళ్లీ నా తలే. బతికున్నాడని చెప్పు, అక్కడితో ఆపు. కబురు తెలిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో పన్నెండేళ్లు."

"ఆ పన్నెండేళ్లూ ఏం చేస్తావు?"

"ఎదురుచూస్తున్నట్టు కనబడాలి కదా," అంది.

రాజమండ్రిలో నావ ఎక్కేసరికి అయిదున్నర. కోరంగి వెళ్లదలిచినవారికి దారీ ఛార్జీలూ పైన చెప్పాను. ఎండ ఉన్న రోజు వెళ్లండి, ఆ చోటు మనసుకి మంచిది కాదు. పోయినవాళ్ల గోరీలు అక్కడ కాస్త శుభ్రంగానే ఉన్నాయి, వదిలేసి వెళ్లిపోయినవాళ్ల గుర్తులే ఎక్కడా లేవు. నదిలో సగం దూరం నేనివే అనుకుంటూ వచ్చాను.

కొవ్వూరు రేవులో కార్తీక దీపాలు వదులుతున్నారు. సంధ్య వార్చడానికి వచ్చిన పెదనాన్న మమ్మల్ని చూసి, నావ ఒడ్డు తాకకముందే, "ఏమైందిరా?" అని కేకేశాడు.

"బతికే ఉన్నాడు పెదనాన్నా! సరంగు కళ్లారా చూశాడు!" అని రేవంతా వినేలా అరిచాను.

పెదనాన్న గోదావరికి చేతులెత్తి దణ్ణం పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నాళ్లూ ఆయన్ని రాతిగుండె మనిషి అనుకున్నాను. ముత్తైదువలు దీపాలు వదిలేసి వచ్చి వదినని చుట్టుముట్టారు. ఒకామె పసుపు రాసింది, ఇంకొకామె పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టింది. "నీ మాంగల్యం గట్టిదే తల్లీ! రేపో మాపో వచ్చి గుమ్మంలో నిలబడతాడు చూడు," అన్నారు.

మూడు రోజుల్లో కంట తడి పెట్టని వదిన అప్పుడు ఏడ్చింది. మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"సంతోషం పట్టలేకపోతోంది పాపం," అంది ఒకావిడ నాతో.

"అవునండి," అన్నాను.