అద్దం మేస్త్రి పూసిన ఎరుపు

కార్లకు రంగులు వేసే షెడ్డులో అతన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవారు. అతని చెయ్యి పడిన కారు తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. ఎక్కడైనా గీత కనబడితే అతనికి అన్నం సయించదు. పెళ్లికి పిలిస్తే పెళ్లికొడుకు కన్నా ముందు గుమ్మంలో ఆగిన కారు బంపరు చూసొస్తాడు. అలాంటి మనిషికి అలాంటి బావ దొరకడం విడ్డూరమే.

బావ, అంటే అక్క మొగుడు, పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు పాటకచేరీల్లో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. గిటారుది ఇంచుమించు బావ వయసే. ఒకప్పుడు పసుపు, గోధుమ రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉండేవట. ఇప్పుడు మోచెయ్యి ఆనే చోట రంగంతా పోయి చెక్క బయటపడింది. తీగలు నొక్కే మెడ వెనక బొటనవేలు జారీ జారీ బట్టతలలా నున్నబడింది. అంచుల నిండా దెబ్బలు. అద్దం మేస్త్రి కళ్లకు అది యాక్సిడెంటైన బండి.

వాయించేవాళ్లు మాత్రం దానికోసం పడిచచ్చేవారు. కొత్త కొత్త గిటార్లు కొనుక్కున్నవాళ్లు కూడా ఆదివారం పూట బావ ఇంటికొచ్చి, "సార్, ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తాను" అని బతిమాలేవారు. అది ఒళ్లోకి రాగానే వాళ్లకు మాటలు తగ్గిపోయేవి. గడ్డపాయన ఒకడుండేవాడు, కళ్లు మూసుకుని ఒక్క తీగే మీటుతూ కూర్చునేవాడు. అక్క ఇచ్చిన టీ పక్కనే చల్లారిపోయేది.

"ఏముంది బావా ఇందులో? ఇంత అందగాడివి, చేతిలో ఆ పుచ్చు చెక్కేమిటి? నాకివ్వు, తళతళలాడించి ఇస్తా" అనేవాడు అద్దం మేస్త్రి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?" అని నవ్వేవాడు బావ.

ఒకసారి బావకు ఆపరేషనైంది. అక్క ఆసుపత్రిలో ఉండిపోయింది, ఇంటి తాళం తమ్ముడి చేతికొచ్చింది. తిరిగొచ్చిన బావ గిటారు చూసి నోరెళ్లబెట్టేలా చెయ్యాలనుకున్నాడు అద్దం మేస్త్రి. అతని మనసులో రవ్వంత చెడ్డ లేదు. వచ్చిన చిక్కే అది. చెడ్డబుద్ధితో చేసేవాడైనా కాస్త వెనకా ముందూ చూస్తాడు, ప్రేమతో చేసేవాడికి ఆ పాటి జంకు కూడా ఉండదు.

తీగలు విప్పాడు. స్క్రూలు, బటన్లు డబ్బాలో దాచాడు. ముందు ముతక ఎమరీ కాగితంతో, తర్వాత సన్నదాంతో రుద్దాడు. పాత రంగు పొడిపొడిగా రాలి, బావ మోచెయ్యి ఆనిన చోటూ చుట్టుపక్కల చోటూ ఒకటైపోయాయి. దెబ్బలకు పుట్టీ పెట్టి, ప్రైమరు కొట్టి, పైన కారు ఎరుపు వేశాడు. మెడ వెనక కూడా వదల్లేదు. ఏ కారుకూ పడనంత శ్రమ పడ్డాడు పాపం.

బావ ఇంటికొచ్చి గిటారు పెట్టె తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఎలా ఉంది బావా?"

"కొత్త పెళ్లికొడుకులా ఉందిరా."

ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాడు. మెడ వెనక మందపాటి రంగుకు బొటనవేలు అతుక్కుపోయి, పాట మధ్యలో చెయ్యి ఆగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగింది. "కుట్లు లాగుతున్నాయిరా, తర్వాత వాయిస్తాను" అన్నాడు. అద్దం మేస్త్రి నమ్మేశాడు. నమ్మడం హాయిగా ఉంటుంది కదా.

ఆ ఆదివారం అతను వంటింట్లో అన్నం తింటుంటే ముందుగదిలో గడ్డపాయన గొంతు వినిపించింది.

"అయ్యయ్యో! ఎవడు సార్ ఈ ఘోరం చేసింది?"

"నేనే చేయించాను, బాగా పాతబడిపోయిందని" అన్నాడు బావ.

"మీరా? ఇన్నేళ్లు దాన్ని వాయించిన మీరా?"

అద్దం మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. లేచి గుమ్మం దాటితే చాలు. దాటలేదు.

ఆదివారం రాకపోకలు పలచబడ్డాయి. కచేరీల్లో బావ వేరే గిటారు పట్టాడు. వాయించడం వచ్చుగానీ విలువ తెలియని మనిషని పేరుపడ్డాడు. రేపు అందరికీ చెప్పేస్తాను, రేపు చెప్పేస్తాను అనుకుంటూనే అద్దం మేస్త్రి ఏళ్లు గడిపేశాడు. పదిమందిలో ఒకసారి బావ "మా బావమరిది చెయ్యి బంగారం" అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు. చివరికి ఒకరోజు ఆఫీసు కుర్చీలోనే బావ గుండె ఆగిపోయింది.

మొన్న మేనకోడలు ఆ ఎర్ర గిటారు తీసుకుని షెడ్డుకొచ్చింది. తనూ ఒక బృందంలో వాయిస్తోంది.

"మామయ్యా, ఇప్పుడు కొత్త గిటార్లనే అరగదీసి, గీతలు పెట్టి మరీ అమ్ముతున్నారు తెలుసా? జనం ఎగబడుతున్నారు. దీన్నీ అలా చేసిపెట్టు. నాన్న పాత ఫొటో తెచ్చాను, ఇందులో ఉన్నట్టే కావాలి."

అతను ఎమరీ కాగితం తీసి, ఫొటో చూసి, మోచెయ్యి ఆనే చోట పెట్టాడు. చెయ్యి కదల్లేదు.

"గీతలు పెట్టడం నాకు రాదమ్మా."

"తియ్యడం వచ్చినవాడికి పెట్టడం రాదా?"

"నేను పెడితే అవి నా గీతలవుతాయి, నాన్నవి కావు."

ఆ పిల్ల నిట్టూర్చింది. "అసలు నాన్నకు దీనికి రంగు వేయించే బుద్ధి ఎందుకు పుట్టిందో!"

"నాన్న వేయించలేదమ్మా" అన్నాడు అద్దం మేస్త్రి. "ఆయన ఆసుపత్రిలో ఉంటే నేనే వేశాను. అడక్కుండా వేశాను. అందరితో తనే చేయించానని చెప్పుకున్నాడు. నేను వింటూ ఊరుకున్నాను."

ఆమె ఫొటో అందుకుని, అందులోని నాన్న వంక చూసింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"దీని గురించి నాన్నతో ఎంత పోట్లాడానో మామయ్యా. నీకసలు సంగీతమంటే ప్రేమే లేదు అనేశాను. నవ్వి ఊరుకున్నాడు" అంది. "ఇప్పుడు ఆ మాట ఎవరి దగ్గర వెనక్కి తీసుకోను?"

అద్దం మేస్త్రి ఎమరీ కాగితం కింద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.