అటూ ఇటూ ఉన్నవాళ్లు

కాస్త ఇటు జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదు ఇది. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ ఇప్పుడే ఆగింది. గోడ అవతల కొమ్ముచెంబు వంచి నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వస్తోంది, ముందు అది వినండి. నమాజుకు ముందు కడుక్కునేటట్టు మోచేతుల దాకా పోసుకుని, కాసేపు ఆగి, పాదాల మీద పోసుకున్నట్టు. మా బోధన్ గల్లీలో ఆ ఇంటికి తాళం పడి ఏళ్లయింది. చెరకు బండ్లు తిరిగే కాలంలోనూ, వానల్లోనూ, ఈ వేళకు ఆ చప్పుడు మాత్రం తప్పదు. మొదట్లో ఒళ్లు జలదరించేది. ఇప్పుడు చేతిలో పని పక్కన పెట్టి వింటాను.

ఆ ఇంట్లో ఖైరున్ ఖాలా ఉండేది. గల్లీ మొత్తానికి ఆమె పిన్నే, ఖాలా అనే పిలిచేవాళ్లం. ఆమె భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కాలూ చెయ్యీ ఆడవు, మాట పూర్తిగా పోయింది. పిల్లలు లేరు. ఆయన్ను పక్కకు తిప్పడం, జావ తాగించడం, బట్టలు ఉతకడం అన్నీ ఆమె ఒక్కతే. నేను వర్ని నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం పాల తోడుకని వెళితే, ఆ మంచం పక్కనే నమాజు చేసుకుంటోంది. చివర్న కుడివైపు తిరిగి సలాం చెప్పింది, ఎడమవైపు తిరిగి సలాం చెప్పింది. లేచాక ఆగలేక అడిగాను.

"ఎవ్వరికి ఖాలా సలాం? కుడిదిక్కు గోడే ఉన్నది గద."

"గోడకు కాదు బేటీ. భుజాల మీద ఇద్దరు ఫరిష్తాలుంటరు, అల్లా పంపిన దూతలు. మనం చేసిన మంచి కుడిదిక్కు ఒకలు రాస్తరు, చెడ్డ ఎడమదిక్కు ఒకలు రాస్తరు. పొద్దుందాక నాతోటే ఉంటరు, పలకరియ్యద్దా?"

"మరి చాయ్ పోస్తవా?"

"అడుగరు. గదే మంచిగున్నది. మీ అత్త లెక్క వంకలు గూడ పెట్టరు." అని, వెంటనే ఎడమ భుజం కొంగుతో తుడుచుకుంది. "అరే, గిది గూడ రాసిండ్రేమో!"

తర్వాత మా అత్త మంచాన పడింది. నడుము విరిగింది, ఆ వెనుకే మతీ చెదిరింది. నా భర్త లారీ మీద మహారాష్ట్ర దిక్కు పోతే వారాల తరబడి రాడు. పొద్దున లేచింది మొదలు "ఓ లచ్చుమీ" అని ఒకటే పిలుపు. కొన్నాళ్లకు అత్త నిద్రలో ఉన్నప్పుడు కూడా ఆ పిలుపు వినపడసాగింది. పరుగెత్తి వెళితే గురక పెడుతూ ఉండేది. ఒకసారి అంగట్లో ఉన్నాను. చుట్టూ మరాఠీలో బేరాలు, ఆ గోల మధ్య సరిగ్గా నా చెవిలో అత్త గొంతు "లచ్చుమీ" అంది. కూరగాయల సంచి అక్కడే వదిలేసి ఇంటికి ఉరికాను. అత్త నిద్రపోతోంది. విన్నది నిజమో కాదో చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. నా మతి కూడా పోతే ఈ ముసలమ్మకు రెండు ముద్దలు ఎవరు పెడతారు? నా భయమంతా అదే.

ఖాలాకు చెప్పుకుని ఏడ్చాను. ఆమె భర్త మూతి తుడుస్తూ, తల ఎత్తకుండా అంది.

"నన్ను గూడ పిలుస్తడు బేటీ. ఖైరున్, ఖైరున్ అని. మాట పోయి ఎన్నేండ్లాయె, అయినా పిలుస్తడు."

మంచంలోంచి ఆయన మా ఇద్దరినీ చూస్తూనే ఉన్నాడు.

"మరి ఏం చేస్తవ్ ఖాలా?"

"ఉరుకుత. నమాజుల ఉన్నప్పుడు మాత్రం ఉరుక. నిజంగ కింద పడ్డడనుకో, నమాజు విడుస్త, అల్లా ఏమనడు. ఉత్త పిలుపుకైతే లేవ. నేల మీద నుదురు పెట్టి, యా అల్లా, గీ మనిషి నీ మనిషి, గీ కాసేపు నువ్వే సూసుకో అంట. వీపు మీదికెల్లి మూట దించినట్టయితది. నువ్వు నమాజు చెయ్యకు, నీ దేవునికి నువ్వు మొక్కుకో. నేను చేసినంతసేపు నా పక్కపొంటి కూసో, చాలు."

ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ ఆమె నమాజు చాప పక్కన కూర్చునేదాన్ని. ఆమె పెదవుల మీద సన్నని చదువు, ఆమె వంగినప్పుడు కీళ్ల చప్పుడు, అంతే. అంత మాత్రానికే నా మెడ నరాలు వదులయ్యేవి.

ఒకనాడు ఆమె నుదురు నేలకు ఆన్చి ఉండగా పిలుపు వచ్చింది. రోజూ వచ్చేలాంటిది కాదు. "లచ్చుమీ, నీళ్లు." గొంతు ఎండిపోయినట్టుంది. సగం లేచాను. నిజమైతే? కాకపోతే? లోపల్లోపలే, గీ కాసేపు నువ్వే సూసుకో అనుకుని మళ్లీ కూర్చున్నాను. ఖాలా కుడివైపు తిరిగింది, ఎడమవైపు తిరిగింది. అప్పుడు ఉరికాను.

తలుపు నేను పెట్టిన గొళ్లెం పెట్టినట్టే ఉంది. లోపల అత్త కళ్లు తెరుచుకుని ఉంది. గడ్డం మీద నీటి చుక్కలు. నేను నింపి వెళ్లిన ముంత సగానికి తగ్గింది, మూత సరిగ్గా పెట్టి ఉంది. చెయ్యి ఎత్తలేని మనిషి ఆమె.

"ఎవలు తాగిపిచ్చిన్రు అత్తా?"

"గాళ్లే. ఖైరున్‌కు అటొకలు ఇటొకలు కూసుంటరు సూడు. గంత పెద్దోళ్లు నీకు కనవడ్తలేరా? కండ్లున్నయా లేవా?"

ఆ ఫరిష్తాల మాట నేనెన్నడూ అత్త చెవిన వెయ్యలేదు. తిరిగి వెళ్లి ఖాలాకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. తన ఎడమ పక్కకు ఒకసారి చూసి, మెల్లగా అంది.

"షుక్రియా గూడ చెప్పకుంట వచ్చినవా?"

పిలుపులు ఆ తర్వాతా వచ్చాయి, కానీ నా మతి పోలేదు. అత్తను చివరిదాకా నా చేతుల మీదే సాగనంపాను. ఖాలా భర్త పోయాడు, ఆయన వెనుక ఖాలా కూడా పోయింది. ఇప్పుడు నా భర్త ఆ లోపలి గదిలో మంచాన ఉన్నాడు. ఆయన పిలవకపోయినా నాకు పిలుపు వినపడుతుంది. నాకు నమాజు రాదు. గోడ అవతల నీళ్ల చప్పుడు ఆగగానే ఇక్కడ కూర్చుని, ఆయన్ను కాసేపు దేవునికి ఒప్పజెప్పి, కుడివైపు తిరిగి షుక్రియా అంటాను, ఎడమవైపు తిరిగి షుక్రియా అంటాను. ఎడమవైపు తిరిగినప్పుడు మాత్రం కళ్లు తెరవను. రోజంతా పనిచేసి అప్పుడే కూలబడిన మనిషి ఊపిరి ఒకటి నా భుజానికి వెచ్చగా తగులుతుంది.

ఇదిగో, చప్పుడు ఆగింది. మీ ఇంట్లో మంచాన ఉన్నవాళ్ల గొంతు ఎండకుండా ఉండాలి. వాళ్లకు చేసే చేతులు చల్లగా ఉండాలి. ఆ చేతులు అలిసిపోయిన వేళ, మీకూ అటొకరు ఇటొకరు తోడుండాలి.