బుధవారం పిట్ట

తిమ్మరాజు గురించి నాలుగు మంచి ముక్కలు రాయమంటే నా వల్ల కాదు. రాస్తే ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ మనిషిని చూస్తే నాకు కడుపుమంట. మొదట్లో ఒక కారణానికి మండేది, ఇప్పుడు ఇంకో కారణానికి మండుతోంది. మంట మాత్రం ఆరలేదు.

నా పేరు ముస్తఫా. ధర్మవరంలో మగ్గాల వీధి మలుపులో నాకొక నెట్ సెంటర్ ఉంది. 2005లో మా సెంటర్లో ఒక ఆన్‌లైన్ ఆట పెట్టాను. కత్తులు, గుర్రాలు, రాక్షసులు, కోటలు ఉండే ఆట. అందులో నల్లరాతి కోట అని ఒకటి ఉంది. పాతిక మంది కలిసి దిగితే తప్ప అది లొంగేది కాదు. పాతిక మంది ధర్మవరంలో యాడ దొరుకుతారు? అందుకని హిందూపురంలో ఒక సెంటర్, పెనుకొండలో ఒక సెంటర్, ఇక్కడ నాది, ఫోన్లు చేసుకుని మూడు ఊళ్ళ కుర్రాళ్ళూ ఒకే గంటకు కూర్చునేవాళ్ళు. ఆ ఆదివారాలు నా సెంటర్లో చెప్పులు పెట్టడానికి కూడా చోటుండేది కాదు.

తర్వాత ఏమైంది? కుర్రాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. ఆట కంపెనీవాళ్ళు కొత్త కోటలు తెచ్చారు, కొత్త ఆయుధాలిచ్చారు, అందరూ అటు పోయారు. ఆ కొత్త ఆయుధాలతో పాత కోటలోకి వస్తే ఒక్కడే చాలు. రాజులు పోయాక పెనుకొండ కోటలోకి మేకలు తోలుకుని ఎవరైనా పోవచ్చు కదా, అట్లాగన్నమాట. కాని పోయేవాడేడీ? పోయేవాళ్ళం ఇద్దరమే. నేనూ, తిమ్మరాజూ.

తిమ్మరాజు పట్టుచీరలు నేసేవాడు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఒకరోజు ఏదో అంచు డిజైను ప్రింటు తీయించుకుందామని వచ్చి, నా వెనక నిలబడి తెర చూస్తూ ఉండిపోయాడు. నా వీరుడి వెనకాల ఒక గబ్బిలం ఎగురుతూ వస్తోంది.

"ఏమబ్బా ముస్తఫా, ఆ గబ్బిలం ఏం చేస్తాది?" అన్నాడు.

"ఏమీ చెయ్యదన్నా. దాన్ని పెట్ అంటారు. ఎనకాలే వస్తాది, అంతే."

"కొట్లాటకు రాదా?"

"రాదు."

"మరి యాడ దొరుకుతాది?"

"ఆ కోటలో ఆఖరి రాక్షసుడిని చంపితే పెట్టె తెరుచుకుంటాది. అందులో ఎప్పుడో ఒకసారి ఉంటాది, శానాసార్లు ఉండదు."

ఏమీ చెయ్యకుండా ఊరికే వెనకాల వచ్చే జీవం మీద ఆ మనిషికి ఎందుకంత మనసు పోయిందో నాకు తెలీదు. "నాకూ నేర్పించు," అన్నాడు.

నేర్పించాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

రెండు వైపులా వేరే రంగు అంచు వచ్చే చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. తిమ్మరాజు దారం కండె పెట్టిన నాడె విసురుతుంటే, ఆయనకు కుడిపక్కన భార్య కమలాక్షి కూర్చుని ఆ పక్క అంచు నాడె వేసేది. ఒకరు లేకపోతే ఒకరి పని సాగదు. "మగ్గం కాడ ఆమె చెయ్యి ఆపితే నేను ఆపల్ల, నేను ఆపితే ఆమె ఆపల్ల. ఈడైతే నా ఆట నాదే," అనేవాడు నా సెంటర్లో కూర్చుని. ఆ పాత కోట వారానికొక్కసారే తెరుచుకుంటుంది, బుధవారం మధ్యాహ్నం. అన్నం తిని చేయి కడుక్కుని వచ్చేసేవాడు. ఒక్కడే కోటంతా తిరిగి, ఒక్కడే రాక్షసుడిని కూల్చి, ఒక్కడే పెట్టె తెరిచేవాడు.

ఇక ఆ పెట్టె సంగతి. నేను ఎన్నాళ్ళనుంచో తెరుస్తుంటే నాకు దక్కింది ఆ గుడ్డి గబ్బిలం ఒక్కటే. తిమ్మరాజుకు మొదటి నెలలోనే నిప్పు నక్క వచ్చింది. తర్వాత రాతి కప్ప. తర్వాత మూడు తోకల ఉడుత. గురువును నేను, పెట్‌లు శిష్యుడికి. "చూడబ్బా, ఇంగొకటి వచ్చినాది," అని ఆయన నవ్వితే నేనూ పళ్ళికిలించేవాణ్ణి. లోపల మాత్రం ఆయన కంప్యూటరు కాలిపోవాలని శపించేవాణ్ణి. కంప్యూటరు నాదేనన్న సంగతి కూడా గుర్తుండేది కాదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా?

మా ఇద్దరికీ రానిది ఒకటే మిగిలింది. నీలం పిట్ట. ఆ కోట మొత్తానికి అంత అరుదైనది ఇంకోటి లేదు. ఎవరి పెట్టెలోంచి వస్తే వాళ్ళ పేరుకే అతుక్కుపోతుంది. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, అమ్మడానికి లేదు. అది తిమ్మరాజుకు రాకుండా నాకు రావాలి. ఉత్తినే నాకు వస్తే చాలదు, ఆయనకు రాకూడదు. అప్పట్లో నా కోరికల్లా అదే.

కమలాక్షి సంగతి చెప్పాలి. ఆమెది మడకశిర. కోపమొస్తే కన్నడం, శాంతిస్తే తెలుగు. మగ్గాల వీధిలో ఆమె హస్తవాసికి పేరు. ఎవరింట్లో కొత్త పడుగు ఎక్కించినా మొదటి పోగు కమలాక్షి చేతనే ముడి వేయిస్తారు. ఆమె కుడిచెయ్యి కళ్ళకద్దుకుని ముడి వేసిందంటే ఆ పడుగు తెగదని నమ్మకం. అట్లాంటి మనిషి బుధవారం వస్తే ఆగిపోయిన మగ్గం ముందు ఒక్కతే కూర్చునేది. భర్త ఎక్కడికి పోయాడో ఆమెకు బాగా తెలుసు. తెలిసీ ఓర్చుకోలేకపోయింది.

ఒక బుధవారం నేరుగా సెంటర్లోకి వచ్చేసింది.

"యాడుండాది ఆ పిట్ట?"

"ఇంగా రాల్యా," అన్నాడు తిమ్మరాజు తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

"రాని పిట్ట కోసరం రెండేండ్ల నుంచి పోతాండావు. ఇంట్లో ఉండే మనిషిని ఒకనాడన్నా ఇట్ల చూసినావా?" అని, నా వైపు తిరిగింది. "ఆడమనిషై ఉంటే జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తాంటి ముస్తఫా. బొమ్మ పిట్టతో నేనేమని కొట్లాడేది?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని, మగ్గం మీద కూర్చున్నట్టే ఆయనకు కుడిపక్కన కూర్చుంది. అప్పటికి రాక్షసుడు కూలాడు. పెట్టె మెరుస్తోంది. ఆమె మౌస్ మీదికి చెయ్యి చాపింది.

"నేను నొక్కుతా."

"ముట్టుకోవద్దు," అని ఆయన ఆ చెయ్యి పక్కకు తోసేశాడు. "ఇది ఒంటిగా చేసే పని."

వీధి వీధంతా పిలిచి పోగు వేయించుకునే చెయ్యి అది. ఆమె మొహం ఎర్రబడింది. తిమ్మరాజు తనే నొక్కాడు. తుప్పు పట్టిన కత్తి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎదుటి వరసలో నా రాక్షసుడు కూడా పడిపోయాడు. నా పెట్టె కూడా మెరుస్తోంది. నా బుర్రలో అసూయ తప్ప ఇంకేమీ లేని రోజులవి, అదే నాకు తెలివి ఇచ్చింది.

"అక్కా, నాది నొక్కు," అన్నాను.

ఆమె లేచి వచ్చింది. ఒకసారి మొగుడి వైపు చూసింది. కొంగుకు కుడిచెయ్యి తుడుచుకుని, కళ్ళకద్దుకుని, పడుగుకు ముడి వేసినంత శ్రద్ధగా నొక్కింది.

నీలం పిట్ట వచ్చింది.

నేను కుర్చీ పడేసి గంతులేశాను. తిమ్మరాజు వచ్చి నా వెనక నిలబడ్డాడు. పిట్ట నా వీరుడి భుజం చుట్టూ తిరుగుతోంది. అది ఇక ఆయనకు దక్కదని ఆయనకు తెలుసు. ఆయన మొహంలో నా మొహం కనిపించింది నాకు, ఇన్నాళ్ళూ నేను పెట్టుకు తిరిగిన మొహం. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

"వీధిలో అందరికీ నీ చెయ్యే," అన్నాడు భార్యతో. "నాకు తప్ప."

"నువ్వే గదా ముట్టుకోవద్దంటివి," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ వారమంతా వాళ్ళింట్లో మాటల్లేవు. పక్కింటి ఉలిగమ్మ వచ్చి చెప్పింది: "ఇద్దరూ మగ్గం మీద కూచోనుండారు, నాడెలు తిరగతాండాయి, నోళ్ళు మాత్రం కుట్టేసుకున్నారు." నేను అయ్యో అన్నాను. ఆ పూట ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాతి బుధవారం ఇద్దరూ కలిసి వచ్చారు. తిమ్మరాజే స్టూలు తెచ్చి కుడిపక్కన వేశాడు. "ఈసారి నువ్వే నొక్కల్ల," అన్నాడు నేల చూపులు చూస్తూ. ఆమె గొప్పగా కూర్చుంది.

ఆ చెయ్యి ఇప్పుడు ఆయన సొంతం. ఈ పూటే పిట్ట వచ్చేస్తుంది, నా గొప్ప ఒక్క వారంతో సరి. కాని రాలేదు. ఆమె నొక్కింది, చిరిగిన చొక్కా వచ్చింది. ఆ తర్వాతి వారం విరిగిన డాలు వచ్చింది. నెలలు గడిచాయి. నేను దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాను.

వాళ్ళు మాత్రం రావడం మానలేదు. ఆమె ఉడకబెట్టిన చెనిక్కాయలు కొంగులో కట్టుకొచ్చేది. ఆయన కోటలో నడుస్తుంటే ఒకటొకటి ఒలిచి ఆయన నోట్లో పెట్టేది. "ఈ రాక్షసుడు చూడు, అచ్చం మీ ఓబుళప్ప మామ మాదిరే నడస్తాండాడు," అనేది. ఆయన నవ్వు ఆపుకోలేక కత్తి ఆపేవాడు. ఒకసారి ఆ నవ్వులో ఆయన వీరుడు చచ్చిపోయాడు కూడా. మళ్ళీ మొదట్నుంచి నడిచారు, ఇద్దరికీ విసుగు లేదు. పెట్టె తెరిచాక ఏమీ రాకపోతే, "పాయె," అని ఆమె, "వచ్చే వారం సూద్దాం లే," అని ఆయన. లేచి పోయేవాళ్ళు. అంత పోగొట్టుకున్నవాళ్ళు అంత సంతోషంగా మెట్లు దిగడం నేనెక్కడా చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. తిమ్మరాజు కూర్చునే కంప్యూటరుకు కుడిపక్కన కూలర్ పెట్టాను. స్టూలు ఎడమపక్కకు జరిగింది. ఆ రోజు పెట్టె తెరిచే సమయానికి నేను ఎందుకో అటు చూశాను. ఆయనకు ఎడమపక్కన కూర్చున్న మనిషికి మౌస్ అందాలంటే కుడిచెయ్యే దగ్గర. ఆమె ఆ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, నడుం మొత్తం తిప్పి, ఆయన ముందునుంచి ఎడమచెయ్యి చాపి నొక్కింది.

ఎడమచేత్తో ఎవరైనా బోణీ చేస్తారా? పడుగుకు ముడి వేస్తారా? కుడిపక్కన కూర్చున్నన్నాళ్ళూ మౌస్‌కు ఎడమచెయ్యే దగ్గర కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఆయనకు ఇప్పటికీ రాలేదు.

తిమ్మరాజు టీ చెప్పడానికి బయటికి పోయాడు. నేను ఆమె దగ్గరికి పోయి గొంతు తగ్గించాను.

"అక్కా, నాకు కుడిచేత్తో నొక్కితివి. ఆయనకు ఎడమచెయ్యి వాడతాండావు."

ఆమె ఉలిక్కిపడలేదు. చెనిక్కాయ తొక్కలు కొంగులోకి ఎత్తుకుంటూ అంది: "నోరు మూసుకోనుండు ముస్తఫా. పిట్ట వచ్చేస్తే ఆయప్ప మళ్ళా ఒంటిగా ఇంగో కోటకు పోతాడు."

నోరు మూసుకున్నాను. మంచితనం కాదు. ఆయనకు చెప్తే ఆమె కుడిచెయ్యి వాడక తప్పదు, ఆయనకూ పిట్ట వస్తుంది, ధర్మవరంలో రెండు పిట్టలవుతాయి. అదీ నా లెక్క. కాని ఆ పూటనుంచి నా పిట్టను చూసుకుంటే మునుపటి సంబరం లేదు. ఆ మనిషికి పెట్‌లు వచ్చినందుకు ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు ఆయనకు ఏదీ రాకుండా ఒకరు కాపలా కాస్తున్నందుకు ఏడుస్తున్నాను. బొమ్మ పిట్టతో కూడా పోటీకి దిగే పెళ్ళాం ఆయనకుంది. అది తెలియని అదృష్టం కూడా ఆయనకే ఉంది.

నా భార్య సల్మా మంచిది. సెంటర్ పెట్టిన రోజు తప్ప మళ్ళీ మెట్టెక్కలేదు. నేను ఎన్ని గంటలు అక్కడ కూర్చున్నా ఒక మాట అన్నది లేదు. నీలం పిట్ట వచ్చిన రోజు ఇంటికి పరిగెత్తి చెప్తే, "మంచిదాయె, చెయ్యి కడుక్కో, అన్నం పెడతా," అంది.

మొన్న అన్నం తింటూ ఆమెను అడిగాను.

"ఒక బుధవారం సెంటర్ కాడికి రాకూడదా?"

"వచ్చి ఏం చెయ్యల్ల?"

"నా పక్కన కూచో. ఆఖర్లో ఎడమచేత్తో ఒకసారి మౌస్ నొక్కు."

సల్మా నా కంచంలో పప్పు వేస్తూ నన్ను వింతగా చూసింది.

"నీకు కావాల్సిన పిట్ట వచ్చేసింది గదా," అంది.