డీజిల్ వాసన రాని బండి

కారంపూడిలో మా కిరాణా కొట్టుకు ఎదురిల్లు అంతోని మామది. వరసకు ఏమీ కాడు, పిలుపుకు మామ. మీసం రాకముందు నుంచి మీసం నెరిసేదాకా లారీ నడిపాడు. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల సున్నం, సీజన్లో మిర్చి టిక్కీ బస్తాలు... ఏది ఎత్తితే అది మోశాడు. ట్రిప్పు నుంచి వస్తే మాత్రం తిన్నగా ఇంట్లోకి వెళ్లేవాడు కాదు. వాకిట్లో కుళాయి దగ్గరే సబ్బు రుద్దుకుని స్నానం చేసి, విప్పిన బట్టలు బయట బకెట్లో పడేసి, ఉతికిన లుంగీ కట్టుకుని అప్పుడు గుమ్మం ఎక్కేవాడు. ఎందుకంటే ఆయన భార్య ఆరోగ్యమ్మ అత్తకు డీజిల్ వాసన పడదు.

బస్సెక్కితే ఊరు దాటేలోపే వాంతులు. ఆటో అయినా, కారైనా అంతే. మాత్ర వేసుకున్నా, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకున్నా లాభం లేదు. ఒకసారి బస్సులోనే కళ్లు తిరిగి పడిపోతే నకరికల్లులో దింపి సెలైన్ ఎక్కించారు. ఆ తర్వాత ఆమె కారంపూడి దాటలేదు.

"డీజిల్ పడనిదాన్ని తీసుకొచ్చి లారీ డ్రైవరుకిచ్చి చేశారు మావోళ్లు," అనేది అత్త మా కొట్లో ఉప్పు కొంటూ.

"నేను పడ్డా గదా, చాల్లే," అనేవాడు మామ.

ఆమెకు పుట్టింటి వైపు మిగిలింది ఒక్క అక్క, లూర్దమ్మ. ఎడ్లపాడులో ఇచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని సాకింది ఈమే. ఓపిక ఉన్నన్నాళ్లు లూర్దమ్మే వచ్చి చూసి పోయేది. మోకాళ్లు అరిగి మంచాన పడ్డాక రాకపోకలు ఆగిపోయాయి. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. ఫోన్ పెట్టేశాక అత్త వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది.

నేను ఇంజనీరింగ్ చదివాను. ఎలక్ట్రిక్ బండ్లంటే నాకు పిచ్చి. కొట్లో కూర్చున్నా ఫోన్లో వాటి వీడియోలే. ఒక మధ్యాహ్నం మామ వచ్చి పక్కన స్టూలు లాక్కున్నాడు.

"అల్లుడూ, ఈ కరెంటు కారుకి పొగ గొట్టం ఉండదా?"

"ఉండదు మామా."

"ఇంజనాయిలు?"

"ఇంజనే ఉండదు."

"మరి వాసనేం వస్తది?"

"ఏ వాసనా రాదు."

మామ స్టూలు వెనక్కి నెట్టి లేచాడు. అప్పటికే పని మానేసి సొంత లారీ అమ్మేశాడు, ఆ డబ్బుతో ఇంటి మీద ఇంకో గది వేసుకోమని చుట్టాలంతా చెప్పారు. ఆయన నరసరావుపేట షోరూంకు వెళ్లి కారు కొనుక్కొచ్చాడు.

ఎడ్లపాడుకు మొదటి ప్రయాణం నాకు బాగా గుర్తుంది, ముందు సీట్లో నేనూ ఉన్నాను. అత్త వెనక సీట్లో ఒక చేత్తో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేత్తో తడి తువ్వాలు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. నకరికల్లు వచ్చింది. నరసరావుపేట దాటింది. చిలకలూరిపేట దగ్గరపడుతుంటే మామ అద్దంలో చూసి మెల్లగా అడిగాడు.

"ఏమే, ఎట్టా ఉంది?"

"నోరు మూసుకుని తోలు. బయటికి చూస్తన్నా."

కవరు ఎప్పుడో సీటు కింద పడిపోయింది. ఆమె చేలనూ, కాలవనూ, రోడ్డు పక్కన ఆరబోసిన మిరపకాయలనూ చూస్తోంది. అంత వయసు మనిషి మొహంలో అలాంటి సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

లూర్దమ్మ మంచం మీద నుంచే చెల్లెలి చెంపలు రెండూ పట్టుకుని చూసింది. "ఇంత ముసలిదానివయ్యావేందే?" అంది.

"నువ్వేమన్నా కుర్రదానివా?" అంది అత్త. తర్వాత ఇద్దరూ ఏడ్చారు.

అప్పటి నుంచి నెలకోసారి ఎడ్లపాడు. ఏడాది అలా గడిచింది. నిరుడు మిర్చి కోతలప్పుడు ఒక ఉదయం వాకిట్లోనే బండి కదలనంది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చిందంటే వెళ్లి చూశాను. డీలర్‌ను సంప్రదించమని ఇంగ్లీషులో ఉంది. మామ అప్పటికే ముందు మూత ఎత్తి పాన చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ నారింజ వైర్లు తాకొద్దు మామా. ప్రాణం పోయే కరెంటు ఉంటది."

"నడిరోడ్డు మీద గేరుబాక్సు దింపి ఎక్కించినోణ్ణిరా నేను."

"దీన్ని షోరూంవాళ్లే చూడాలి. వాళ్ల లాప్‌టాప్ పెడితే గానీ ఏం పోయిందో కూడా తెలియదు."

పాన లుంగీకి తుడిచి లోపల పెట్టేశాడు.

నరసరావుపేట వెళ్తే షోరూం ఉన్నచోట టైల్స్ కొట్టుంది. కొట్టాయన కుర్చీ కూడా వేశాడు. "వాళ్లు ఖాళీ చేసి పోయారు పెద్దాయనా. వాళ్లకోసం వచ్చి తిరిగిపోయేది నువ్వొక్కడివే కాదు," అన్నాడు. ఇక గుంటూరు షోరూమే దిక్కు. అక్కడివాళ్లేమో కరెంటు బండ్లు చూసే టెక్నీషియన్ విజయవాడలో ఉంటాడని, పంపిస్తామని అన్నారు. ఎవరూ రాలేదు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్తగా పేరు, ఊరు, బండి నంబరు చెప్పించుకునేవాళ్లు. మధ్యలో పాట పెట్టేవాళ్లు. మామ నా పక్కన కూర్చుని అది వినేవాడు.

"అదే పాట అల్లుడూ. మనిషి రావట్లా."

అలా వారాలు గడుస్తుంటే ఎడ్లపాడు నుంచి లూర్దమ్మ కొడుకు ఫ్రాన్సిస్ ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని చెప్పాడు. "అమ్మ నిన్నే అడగతంది పిన్నీ. తొందరగా రండి."

మామ గుంటూరుకు ఫోన్ చేసి బతిమాలాడు. బండిని ఎత్తుకుపోయే లారీ నరసరావుపేట దాకే వస్తుందని, కారంపూడి తమ పరిధిలో లేదని, బండిని అక్కడికి చేరిస్తే మిగతాది తాము చూసుకుంటామని చెప్పారు. ఆ రోజు నేను ఇంటర్వ్యూ కోసం హైదరాబాదులో ఉన్నాను. ఈ ప్రాంతంలో బండి ఆగిపోతే ఎవరైనా చేసేదే మామ కూడా చేశాడు. మా వీధిలో ఉండే మీరా సాహెబ్ ట్రాక్టర్‌కు తాడు కట్టించాడు.

"న్యూట్రల్‌లో వేశావా అంతోనీ?" అని మీరా సాహెబ్ అడిగాడట.

"గేర్లే లేవు దీనికి. నువ్వు పోనీ," అన్నాడట మామ.

అలా నరసరావుపేట దాకా లాక్కెళ్లారు. అక్కణ్ణుంచి షోరూం లారీ బండిని గుంటూరుకు ఎత్తుకుపోయింది. నేను తిరిగొచ్చి, మర్నాడు మామతో గుంటూరు వెళ్లాను. రాజశేఖర్ అనే సర్వీసు కుర్రవాడు బండి ముందు వంగి కొక్కెం దగ్గర గీతలు చూశాడు.

"తాడు కట్టి లాగారా సార్?"

"మరి భుజాన వేసుకుని రావాలా?"

"చక్రాలు తిరిగితే దీనికి మోటారూ తిరుగుద్ది సార్. లోపల కాలిపోయింది. ఇంక వారంటీ రాదు."

"నరసరావుపేట దాకా తెచ్చుకోమంది మీరే గదా?"

"తెమ్మన్నాం సార్. తాడేసి తెమ్మన్లేదు."

మామ గొంతు తగ్గింది. "సరే బాబూ, తప్పు నాదే. ఖర్చు కూడా నాదే. ఎప్పటికిస్తావో చెప్పు. మా ఆడమనిషి వాళ్లక్క చావుబతుకుల్లో ఉంది."

"పార్టు పైనుంచి రావాలి సార్. ఎప్పుడొస్తదో మాక్కూడా చెప్పరు."

"ఇంకో కరెంటు బండి ఏదన్నా ఇయ్యి. ఒక్క పూట. నేనే తోలుకుపోయి తెచ్చిస్తా."

బయట రిబ్బను కట్టిన కొత్త బండి ఒకటుంది. దాన్ని ఊరు దాటనివ్వరని ఆ కుర్రవాడు తల దించుకుని చెప్పాడు.

ఇంటికి వచ్చి విషయం చెప్తే అత్త లేచింది. సంచిలో చీర పెట్టుకుంది. "పొద్దున్నే బస్సెక్కుతా," అంది.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. అత్త మూతికి కొంగు చుట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. నకరికల్లు వచ్చేసరికే వాంతులకు తెచ్చిన కవర్లు అయిపోయాయి. నరసరావుపేట బస్టాండులో దిగుతూ కూలబడిపోయింది. బల్ల మీద పడుకోబెడితే చేతులు చల్లగా ఉన్నాయి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్లాం. డాక్టరమ్మ సెలైన్ పెట్టి, ఇవాళ లేపితే మనిషి దక్కదు అంది.

అప్పుడే ఫ్రాన్సిస్ ఫోన్. లూర్దమ్మ మాట్లాడుతుందట. మామ మంచం పక్కన నిలబడి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఆమె గొంతు నాకూ వినపడుతోంది.

"బయల్దేరారా అంతోనీ?"

మామ నా వైపు చూశాడు. తర్వాత అత్త వైపు చూశాడు.

"దారిలో ఉన్నాం వదినా. కారు బాగైంది. దాంట్లోనే వస్తన్నాం."

"దానికి వాంతులు రాలేదు గదా?"

"రాలేదొదినా. కులాసాగా కూర్చుంది."

"ఉరకబాకు. నిమ్మళంగా తోలుకురా."

అత్త కళ్లు తెరవలేదు. నీళ్లు మాత్రం చెవుల్లోకి కారుతున్నాయి. మామ ఫోన్ స్విచ్చాఫ్ చేసి జేబులో పెట్టుకుని, ఆమె నుదురు తుడుస్తూ నిలబడ్డాడు.

మరుసటి రోజు అత్త కాస్త తేరుకున్నాక మళ్లీ బస్సెక్కి ఎడ్లపాడు చేరాం. అత్తను చెరోవైపు పట్టుకుని నడిపించాం. వాకిట్లో షామియానా వేసి ఉంది. ముందురోజు చీకటి పడే వేళకే పోయిందట. ఫ్రాన్సిస్ ఎదురొచ్చి పిన్నిని పట్టుకుని ఏడ్చాడు.

"మీరొస్తన్నారని నన్ను గేటు కాడ కూర్చోబెట్టింది పిన్నీ. ఆ బండికి చప్పుడుండదు, వాళ్లొచ్చింది నాకు తెలియదు, నువ్వు చూసి కేకేయరా అంది. చీకటి పడేదాకా అక్కడే ఉన్నా. నేను లోపలికొచ్చేసరికి..."

అత్త లోపలికి వెళ్లి అక్క పాదాల దగ్గర కూర్చుంది. మామ గుమ్మం దాటలేదు. సమాధుల తోటకు తీసుకెళ్లేదాకా గోడ వైపు తిరిగి నిలబడే ఉన్నాడు. తిరిగొచ్చే దారిలో ఆ అబద్ధం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. తర్వాత కూడా మాట్లాడుకున్నట్టు లేదు.

కోతలన్నీ అయిపోయి ఎండలు ముదిరాక గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది, బండి సిద్ధమని. మామ వెళ్లి తెచ్చుకున్నాడు. కడిగి, తుడిచి గుమ్మం ముందు పెట్టాడు.

"ఏమే, బండొచ్చింది. ఎక్కు, అట్టా తిరిగొద్దాం."

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఎవరింటికయ్యా?"

మామ స్టీరింగు వదిలి బండి ఆపేశాడు. తర్వాత దిగి, ఇంటి కిటికీలోంచి వైరు లాగి చార్జింగు తగిలించాడు. చార్జింగు పూర్తిగా దిగిపోతే బ్యాటరీ పాడైపోతుందని గుంటూరులో చెప్పారట. అందుకని ఇప్పటికీ అప్పుడప్పుడూ వైరు తగిలిస్తుంటాడు. బండి మాత్రం వాకిలి దాటలేదు.